చప్పట్లు కొట్టినవాళ్ళు

మరియరాణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను అటు తిరిగి ఇటు తిరిగేలోగా కొడుకు చచ్చిపోతాడని. పాముల గురించీ తుఫానుల గురించీ ఎవరేం చెప్పినా వినేసి ఊరుకునేది. తను అటు తిరగవలసి రావడం గురించే ఆమెకి దిగులు. మూడేళ్ళ మెల్విన్ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. స్నానానికి వెళ్తే తలుపు ఓరగా తీసే ఉంచి, "మెల్వీ, పాట పాడరా" అనేది. వాడు పాడుతున్నంతసేపే ఒంటిమీద నీళ్ళు పోసుకునేది.

తాడేపల్లిగూడెం దగ్గర ఆమె ఎనిమిదో తరగతి చదువుతుండగా బడి మాన్పించి, చంటి తమ్ముణ్ణి చేతికిచ్చి, తల్లి కూలికి వెళ్ళింది. ఆ తమ్ముడు విరేచనాలతో పోయాడు. ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పాడు. కానీ పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు మాత్రం, "చిన్నపిల్ల కదా, సరిగ్గా చూసుకుని ఉండదు" అన్నారు. ఆ మాట ఆమెతో పాటే పెళ్ళిపీట ఎక్కింది, విమానం ఎక్కింది, ఎనభైతొమ్మిదిలో ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న డార్విన్‌లో దిగింది.

భర్త విలియం అక్కడి ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా చెప్పాడు. "ఇవాళ ఒక ముసలాయన వచ్చాడు రాణీ. మెట్లమీద కాలు జారాడంట. ఆయన ఎముకల బొమ్మ చూస్తే నా బుర్ర తిరిగిపోయింది. కాలరెముక ఎన్నిసార్లు విరిగి అతుక్కుందో లెక్క తెలీడం లేదు. ఎడమ మోకాల్లో మేకులున్నాయి. లారీ కింద పడ్డారా అనడిగితే నవ్వాడు. మోటారుసైకిలు రేసులు తోలేవాడంట. ఇంగ్లండువాడు. ఆయనింటి కింది వాటా ఖాళీగా ఉందంట, అద్దె తక్కువే."

ఆ ముసలాయన పేరు ఆల్ఫ్ టర్విల్. నైట్‌క్లిఫ్‌లో, స్తంభాల మీద నిలబెట్టిన పాత ఇల్లు ఆయనది. పైన ఆయన ఒక్కడే ఉండేవాడు. కింద స్తంభాల మధ్య గోడలు లేపి చేసిన రెండు గదుల్లోకి వీళ్ళు దిగారు. పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉంది. సామాను దించిన రోజు ఆ షెడ్డులోంచి వచ్చిన వాసనకి మరియరాణి చేతిలో మూట అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమండీ, ఇక్కడ కూడా ఆముదం కాస్తారా?"

"ఆముదం కాదే, ఇంజనాయిలు. ఈ రేసు బళ్ళకి ఆముదంతో చేసిన నూనే పోస్తారంట."

"బండికి ఆముదమా. దానికేం పాపం, కడుపు కదలడం లేదా?"

విలియం నవ్వాడు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్విన మొదటి రోజూ, దాదాపు ఆఖరి రోజూ అదే.

ముసలాయనకి వీళ్ళు సరిపడలేదు. విలియం ఒక్కడూ సరిపడ్డాడు, తల్లీకొడుకులు సరిపడలేదు. ఎండుచేపలు వేయిస్తే పైనుంచి నేలని దడదడ బాదేవాడు. రేసుల్లో ఎడమ కాలికి తొడుక్కునే ఇనప చెప్పు ఒకటి ఆయన దగ్గరుంది. దాంతోనే బాదేవాడు. మరియరాణి చీపురు తిరగేసి కిందనుంచి పైకి పొడిచేది. వరండాలో ఎదురుపడితే ఇద్దరూ గోడవైపు చూసుకుంటూ పోయేవారు.

ఆయన మెడ ఎడమవైపునుంచి మోచేతిదాకా చర్మం కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తిలా ఉండేది. అదేదో అంటురోగమని మరియరాణి నమ్మింది. ఆయన పట్టుకున్న గేటు గొళ్ళేన్ని తడిగుడ్డతో తుడిచిగానీ ముట్టుకునేది కాదు. ఆయన అది చూశాడు. చూసి, ఆమె ఎదురుగానే గొళ్ళేన్ని రెండు చేతులతో రుద్ది, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఇవన్నీ ఆమె భరించేది. భరించలేనిది ఇంజను చప్పుడు. మెల్విన్ కాళ్ళకి ఆమె వెండి మువ్వలు కట్టింది. వంట చేస్తున్నా బట్టలు ఉతుకుతున్నా ఆమె చెవి ఆ మువ్వల మీదే ఉండేది. ఘల్లుమంటే వాడు గుమ్మంలో ఉన్నట్టు, మెత్తగా మోగితే చాపమీద ఉన్నట్టు. రోజూ మధ్యాహ్నం ముసలాయన షెడ్డులో పాత రేసుబండి స్టార్టు చేసేవాడు. ఎక్కడికీ తోలడు, ఊరికే మోగిస్తాడు. అది మోగినంతసేపూ ఆమెకి కొడుకు ఉన్నాడో లేడో తెలిసేది కాదు.

ఒకరోజు పిల్లాణ్ణి చంకనేసుకుని షెడ్డు గుమ్మందాకా వెళ్ళింది. వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుంది.

"మిస్టర్. నో స్టార్ట్. మై బాయ్ సౌండ్, ఐ నాట్ హియర్."

ఆయన మువ్వలకేసి చూశాడు. "మేకపిల్లకి కట్టినట్టు కట్టావేంటి? తప్పిపోతే పట్టుకోడానికా?" అని ఇంగ్లీషులో అన్నాడు. ఆమెకి మేక అన్నది అర్థమైంది. "ముప్ఫైవేల మంది ముందు తోలాను నేను. చప్పుడు తగ్గించమని ఒక్కడూ అడగలేదు." అంటూ చెయ్యి తిప్పి ఇంజను ఇంకా గట్టిగా అరిపించాడు. మెల్విన్ భయపడతాడనుకుంటే కిలకిలా నవ్వాడు. ఆ నవ్వుకి మరియరాణికి ఒళ్ళు మండిపోయింది.

విలియం మాత్రం సెలవు దొరికితే ఆ షెడ్డులోనే కూర్చునేవాడు. గోడనిండా పాత ఫొటోలు ఉండేవి. అవి చూసొచ్చి భోజనం దగ్గర మొదలెట్టేవాడు.

"ఆయన సైన్యంలో బళ్ళు బాగుచేసేవాడంట రాణీ. యుద్ధం అయ్యాక లండన్‌లో రేసుల్లో చేరాడు. తిండి కూడా రేషనే కదా అప్పుడు, జనానికి వేరే సరదా ఏముంది. సాయంత్రమైతే మైదానం నిండిపోయేదంట."

"నిండి ఏం చూసేవాళ్ళు?"

"నలుగురు మనుషులు, నాలుగు బళ్ళు, బొగ్గుపొడి పరిచిన బాట. గుండ్రంగా నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమవైపే. ఎడమకాలి ఇనప చెప్పు నేలకానించి బండిని అడ్డంగా జార్చేస్తారు. బ్రేకులుండవు."

"మరి ఆపడం ఎలాగ?"

"ఆపరు. దానంతటది ఆగాలి."

"మిమ్మల్నీ ఆయన్నీ ఒకే సంతలో కొన్నట్టున్నారు. అన్నం తినండి."

"విను. ఇంగ్లండులో చలికాలం రేసులుండవు. ఓడెక్కి ఇక్కడికొచ్చేసేవాడు. సిడ్నీ, బ్రిస్బేన్, అడిలైడ్. ఇక్కడ ఎండాకాలం కదా. మళ్ళీ వేసవికి అక్కడికి. అలా ఏడాది పొడుగునా తోలేవాడు. ఒకసారి పెద్ద పోటీలో ఆఖరి పన్నెండుమందిలో ఉన్నాడంట."

"పెళ్ళాం పిల్లలు లేరా?"

"ఉండేవాళ్ళు. కూతురు పుట్టినప్పుడు ఈయన ఓడలో ఉన్నాడంట."

"చూశారా. సొంత పిల్లని చూడనోడికి నా పిల్లాడి గోల ఏం పడుతుంది. తర్వాతేమైంది? ఇంత గొప్పోడు ఈ రేకుల షెడ్డులోకెందుకొచ్చాడు?"

విలియం కంచంలో వేళ్ళు ఆడించాడు. "అదే చెప్పడు. టీవీలు వచ్చాయి, జనం రావడం మానేశారు, మైదానాలు మూసేశారు అంటాడు. ఆ మెడ సంగతి అడిగితే మాట మార్చేస్తాడు. డెబ్భైనాలుగులో పెద్ద తుఫాను ఈ ఊరిని నేలమట్టం చేశాక ఇక్కడికొచ్చి లారీలు తోలాడంట, కొత్త ఇళ్ళకి ఇటుకలు మోసే లారీలు."

"రోగం సంగతి ఎవడు చెప్పుకుంటాడు?" అని ఆమె కంచం తీసేసింది.

ఆస్పత్రి ఆఫీసులో పనిచేసే విద్యావతి ఆంటీ అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేది. బందరు మనిషి, డార్విన్‌లో పాతకాపు. ఆవిడ ఒకసారి మెల్విన్ మోకాలి దెబ్బ చూసి గొంతు తగ్గించింది. "జాగ్రత్తమ్మాయ్. ఇక్కడ వెల్ఫేర్ వాళ్ళని ఉంటారు. పిల్లాడికి దెబ్బలు కనపడితే కారేసుకొచ్చి తీసుకుపోతారు. కోర్టుకెళ్తేగానీ ఇవ్వరు."

"పడ్డాడాంటీ. పరిగెత్తి పడ్డాడు."

"నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలి కదా."

ఆ మాట తర్వాత ఆమె పెరటి గుమ్మానికి అడ్డంగా బల్ల పెట్టింది. మెల్విన్ బల్లకిందనుంచి దూరడం నేర్చుకున్నాడు.

తొంభైలో వానలకి ముందు వచ్చే ఉక్క నెల అది. ఆ నెలలో డార్విన్‌లో ఎవరూ ఎవరితోనూ మంచిగా మాట్లాడరు. మబ్బు పడుతుంది, చినుకు పడదు, ఒంటిమీద గుడ్డ నిలవదు. విలియం డ్యూటీకి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం మరియరాణి పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. మెల్విన్ ఆమె కాళ్ళ దగ్గరే గిన్నెలో మట్టి కలుపుతున్నాడు. షెడ్డులో ఇంజను మోగింది. ఆమె పళ్ళు కొరుక్కుంటూ దుప్పటి తీగమీద పరిచి, కొసలు లాగి, క్లిప్పులు పెట్టింది. దుప్పటి అవతల ఆమె, ఇవతల పిల్లాడు. ఇంజను టప్పుమని దగ్గి ఆగిపోయింది.

ఆగాక మువ్వలు వినపడాలి. వినపడలేదు. ఆమె దుప్పటి పక్కకి లాగేలోపే పిల్లాడి కేక వినపడింది.

షెడ్డు బయట, ఎండలో, టర్విల్ మెల్విన్‌ని ఒంటిరెక్క పట్టుకుని గోనెసంచితో వీపుమీద బాదుతున్నాడు. బాది నేలమీద పడేశాడు. పడేసి కాలితో తన్ని దొర్లించాడు. మళ్ళీ వంగి రెండు చేతులతో చరిచాడు. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, ముసలాయన ఏవో బూతులు అరుస్తున్నాడు. చుట్టూ పొగ లేదు, నిప్పు లేదు, ఏమీ లేదు. ఎండ తప్ప ఏమీ లేదు.

బట్టల తీగకి ఊతంగా పెట్టిన కర్ర ఆమె చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయన భుజమ్మీద కొట్టింది. ఆయన తిరిగి చూడలేదు. పిల్లాణ్ణి చరుస్తూనే ఉన్నాడు. ఆమె ఇంకా పైకెత్తి కొట్టింది. లోపల ఏదో విరిగిన చప్పుడు ఆమెకి వినపడింది. ఎడమ చెయ్యి వేలాడిపోయింది. ఆయన కుడిచేత్తో బకెట్టు లాక్కుని నీళ్ళు పిల్లాడి మీద గుమ్మరించి, అప్పుడు కూలబడ్డాడు.

"చంపేస్తావా నా కొడుకుని. ముసలి పీనుగా, చంపేస్తావా," అంటూ ఆమె మెల్విన్ చొక్కా పట్టి పైకి లాగింది. చొక్కా ముందుభాగం చేతికొచ్చింది. వెనకభాగం లేదు. పిల్లాడి నడుమ్మీద అరచెయ్యంత మేర ఎర్రగా కమిలి ఉంది.

ఆమె షెడ్డు గుమ్మంవైపు చూసింది. ఒక రేకు పళ్ళెం బోర్లాపడి ఉంది. దాని పక్కన నేలమీద తడి. ఆ తడిమీద గాలి వణుకుతోంది. అది ఎండకి వచ్చే వణుకేమో అనుకుని ఆమె పళ్ళేన్ని తోయబోయింది. ఏమీ లేని చోట ఆమె చెయ్యి కాలింది.

"దాన్ని ముట్టుకోకు," అని ముసలాయన కూర్చున్నచోటినుంచే అరిచాడు. "మిథనాల్. బండిలో పోసే ఇంధనం. పగలు దాని మంట కనపడదు. నీళ్ళు పొయ్యి. నీళ్ళు తెలుసా? వాటర్."

ఆమె నీళ్ళు పోసింది. గాలి వణకడం ఆగింది. పక్కింటివాళ్ళు ఎవరో అప్పటికే ఫోన్ చేసినట్టున్నారు, అంబులెన్సు చప్పుడు దగ్గరకొచ్చింది.

టర్విల్ భుజానికి ఎక్స్‌రే తీసింది విలియమే. తీస్తుంటే ముసలాయన అన్నాడంట, "కొత్తగా విరిగింది ఏదో చూసుకో. అది నీ పెళ్ళాం సంతకం."

పోలీసు కుర్రాడొకడు ఆస్పత్రి వరండాలోకి వచ్చాడు. పిల్లాడి నడుముకి కట్టు కట్టి ఉంది. మరియరాణి వాణ్ణి విడిచిపెట్టలేదు. నర్సు అడిగినా ఇవ్వలేదు. ఏం జరిగిందని పోలీసు అడిగాడు. పిల్లాడు షెడ్డులోకి వెళ్ళినప్పుడు ఎక్కడున్నావని అడిగితే ఏం చెప్పాలి? దుప్పటి వెనక అని చెప్పాలి. చెబితే కారేసుకొచ్చి తీసుకుపోతారు. ఆమె విలియం చొక్కా పట్టుకుని తెలుగులో గొణిగింది. "నేనే కొట్టానని చెప్పండి. జైల్లో వేస్తే వెయ్యమనండి. పిల్లాణ్ణి మాత్రం మీ దగ్గరే ఉంచమనండి."

పోలీసు టర్విల్ మంచం దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ కూడా వెళ్ళారు.

"ఎవరు కొట్టారు సార్?"

"అదిగో, అదే. ఇంకాస్త గట్టిగా కొట్టుంటే నేను ముందే పడిపోయి, పిల్లాడు కాలిపోయుండేవాడు. అదృష్టం, దానికి దెబ్బ కొట్టడం రాదు."

"కేసు పెడతారా?"

"నాకు కేసెందుకు? నాకు కావలసింది నా కింది వాటా. శనివారానికల్లా ఖాళీ చెయ్యమను. వాడు పళ్ళెం ఒంటిమీద బోర్లించుకున్నాడు, ఇంజను దగ్గి నిప్పు ఎగిరింది; ఇంధనం ఉన్న ఇంట్లో పిల్లలుండకూడదు. అద్దెకివ్వడమే నా బుద్ధితక్కువ."

"పిల్లాడు షెడ్డులోకి ఎలా వచ్చాడు? తల్లి చూసుకోవడం లేదా?"

విలియం అది తెలుగులో చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే ఆమెకి అర్థమైంది. టర్విల్ ఆమెకేసి చూశాడు. ఆ చూపులో మంచితనం ఏమీ లేదు.

"పొద్దస్తమానం చూస్తూనే ఉంటుంది," అన్నాడు. "నేను చూసినవాళ్ళలో ఇంతకంటే ఎక్కువ చూసే మనిషి లేదు. చూసీ చూసీ నా ప్రాణం తీసింది. రాసుకో, రాసుకుని వెళ్ళు. నాకు నిద్రొస్తోంది."

మర్నాడు మరియరాణి గిన్నెలో గంజి పట్టుకెళ్ళింది. విలియం డ్యూటీలోనే ఉన్నాడు, ఇద్దరి మాటా అటూ ఇటూ చెప్పడానికి వచ్చాడు. టర్విల్ గిన్నె చూసి మొహం తిప్పుకున్నాడు. "తీసెయ్. అదీ చేపల వాసనే."

"సారీ చెప్పమంటోంది," అన్నాడు విలియం.

"ఏమని సారీ? కొట్టినందుకా, లేక నాకు కుష్టుందని గేటు తుడిచినందుకా?"

మరియరాణి మంచం పక్కనే నిలబడింది. ఆయన కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. పైకప్పు చూస్తూ మాట్లాడాడు. విలియం మెల్లగా తెలుగులో చెబుతూ పోయాడు.

"అడిలైడ్‌లో. యాభైమూడో సంవత్సరం. ఆ సాయంత్రం నేనే గెలిచాను. ఇంకా ఎండ ఉంది. బండి దిగి, గెలిచానని టోపీ ఊపుతున్నాను. మెకానిక్కు ట్యాంకు నింపుతూ నా భుజమ్మీద ఒలికించాడు. ఎక్కడో నిప్పు తగిలింది. నేను గెంతాను. చొక్కా పీక్కున్నాను. నేలమీద దొర్లాను, మళ్ళీ లేచి గెంతాను. మంట ఎవరికీ కనపడలేదు. గెలిచిన సంతోషానికి డ్యాన్సు చేస్తున్నాననుకున్నారు. నవ్వారు. బ్యాండువాళ్ళు పాట ఎత్తుకున్నారు. జనమంతా లేచి నిలబడి, తాళం తప్పకుండా చప్పట్లు కొట్టారు. నేను అరుస్తుంటే ఇంకా గట్టిగా కొట్టారు."

ఆయన కుడిచేత్తో దుప్పటి మెడమీదికి లాక్కున్నాడు.

"రెండేళ్ళు పట్టింది మళ్ళీ బండెక్కడానికి. ఎక్కేసరికి ఇంగ్లండులో మైదానాలే లేవు, కుక్కల పందేలకి ఇచ్చేశారు. నా భార్య కూడా ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఉంది. తప్పు ఆమెది కాదు. కానీ తర్వాత ఆమె చేతులు చూడలేకపోయాను."

మరియరాణి ఏదో అనబోయింది. ఆయన కుడిచెయ్యి ఎత్తి ఆపాడు.

"నీ మిసెస్‌కి చెప్పు. అదీ మంట చూడలేదు. కానీ చప్పట్లు కొట్టలేదు. కర్ర తెచ్చింది. అంతమంది జనంలో ఒక్కరు కర్ర పట్టుకునైనా పరిగెత్తుకొచ్చుంటే బాగుండేది. చెప్పావా? ఇక తీసుకెళ్ళు. శనివారం అన్నాను, శనివారమే."

శనివారమే ఖాళీ చేశారు. విద్యావతి ఆంటీ వాళ్ళింట్లో ఒక గదిలో సర్దుకున్నారు. టర్విల్ డాక్టర్లు వద్దంటున్నా చెయ్యి మెడకి కట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. అది అతుకుతుందో లేదో చెప్పలేమని ఎముకల డాక్టరు విలియంతో అన్నాడు, ఆ వయసులో ఒంటిచేత్తో మెట్లెక్కడం కూడా మంచిది కాదన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ మరియరాణి ఆదివారం చర్చి నుంచి తిన్నగా నైట్‌క్లిఫ్ వెళ్ళేది. వానలు మొదలయ్యాయి. గొడుగు పట్టుకుని, మెట్లపైన గిన్నె పెట్టి, తలుపు కొట్టేది.

"ఎవరు?"

"మెల్విన్ మదర్."

"పో."

గిన్నె తీసుకునేవాడో కాకులకి పెట్టేవాడో ఆమెకి తెలీదు. మరుసటి వారానికి ఖాళీ గిన్నె మెట్లమీదే ఉండేది, కడక్కుండా. ఒక్కసారి కూడా తలుపు తియ్యలేదు. ఒక్కసారి కూడా పలక్కుండా ఉండలేదు. "పో" అన్నాక ఆమె మెట్లు దిగేది, ఊపిరి పీల్చుకునేది.

తొంభైరెండులో విలియంకి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరికింది. వెళ్ళేముందు ఆదివారం ఆమె తలుపు దగ్గర చాలాసేపు నిలబడి, వెళ్ళిపోతున్నామని, ఇక రాలేనని వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. లోపల్నుంచి మాట రాలేదు. ఆమె మళ్ళీ కొట్టింది. అప్పుడు వచ్చింది. "విన్నాను. చలికి పిల్లాడికి స్వెట్టరు కొను. పో."

ఆ ఇంట్లో ఫోన్ లేదు. విద్యావతి ఆంటీ వాళ్ళు కూడా పెర్త్‌కి మారిపోయారు. విలియం తెలిసినవాళ్ళ ద్వారా ఆస్పత్రిలో అడిగిస్తే, ఆయన ఈమధ్య భుజం చూపించుకోడానికి రావడం లేదన్నారు. మళ్ళీ వానాకాలం వస్తోంది. మెల్‌బోర్న్ శివారు డాండెనాంగ్‌లో చర్చికి కొత్తగా ఎవరొచ్చినా, వాళ్ళు పనిమీద డార్విన్‌వైపు వెళ్తారేమోనని మరియరాణి ఆరా తీస్తోంది. ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా డార్విన్‌లో ఉంటే, లేదా వెళ్ళే పని పడితే, ఒక్కసారి నైట్‌క్లిఫ్ వెళ్ళండి. సముద్రం వైపు దిగే వీధిలో స్తంభాల మీద పాత ఇల్లు, పెరట్లో రేకుల షెడ్డు. టర్విల్ అని అడిగితే చూపిస్తారు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళకండి. మెట్లెక్కి తలుపు గట్టిగా కొట్టండి, ఆయనకి చెవి మందం. పొమ్మంటాడు. పొమ్మంటే మంచిదే, వచ్చేసి డాండెనాంగ్ చర్చికి, మరియరాణి పేరు చెప్పి, ఒక మాట చెప్పించండి. ఏమీ అనకపోతే మాత్రం వెనక్కి తిరిగి రాకండి. తలుపు నెట్టి లోపలికి వెళ్ళి చూడండి.